ఉప్పు పెట్టే రాయి

మా అల్లుడు గంగాధర్‌కు అలవాటు అనేదే లేకుండా పోయింది. బీడీ అలవాటు, తాగుడు అలవాటు గురించి కాదు నేను చెప్పేది. రోజూ ఒకే పని ఒకే చోట చెయ్యడం. అది లేదు.

దానికి కారణం ఉంది. ఏండ్ల తరబడి జమ్మలమడుగు దిక్కున ఒక నాయకుడి జీపులో తిరిగాడు. రెండు పార్టీల వాళ్ళూ బాంబులు వేసుకుంటున్న రోజులవి. ఆ జీపు ఎక్కిన మనిషికి మొదట నేర్పే పాఠం ఒకటే. నిన్న పడుకున్న చోట ఈరోజు పడుకోకూడదు. పోయిన దారిన తిరిగి రాకూడదు. ఎప్పుడొస్తావని పెండ్లాం అడిగినా చెప్పకూడదు. ఫలానా వేళకు ఫలానా చోట ఉంటాడని ఊరికి తెలిసిందంటే ఆ మనిషి బతకడు. ప్రొద్దుటూరు కోర్టులో వాయిదా ఉంటే ఎర్రగుంట్ల మీదుగా పోయి, కమలాపురం మీదుగా వచ్చేవాడు. ఆ పాఠం బాగా నేర్చుకున్నాడు కాబట్టే ప్రాణంతో ఉన్నాడు. దానికి నేను తప్పు పట్టను.

తర్వాత ఎన్నికలు వచ్చాయి, పోయాయి. నాయకులిద్దరూ రాజీపడి ఒకే పార్టీలో చేరారు. కేసులు కొట్టేశారు. జీపులో వెనక కూర్చున్నవాళ్ళను ఇక ఇంటికి పొమ్మన్నారు.

నా కూతురు గురవమ్మ అప్పటికే బిడ్డను ఎత్తుకుని, వీరపునాయునిపల్లె దగ్గర మా ఊరికి వచ్చేసి ఉంది. గంగాధర్ పిలుచుకుపోవడానికి వచ్చాడు. గురవమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"ఇన్నేండ్లూ నీకు చల్లారిన సంగటే పెట్టినా, ఎప్పుడొస్తావో తెలీక," అంది. "పొద్దున ఒక మాట చెప్పి, మాపటికి ఆ మాట ప్రకారం రా. నీ ముద్ద వేడిమీద తట్టలో ఏసిన రోజు నీ ఎంట వస్తా."

అదేం పెద్ద పని అన్నాడు గంగాధర్.

పెద్ద పనే అయింది. మావి గొర్రెలు కాసే కుటుంబాలు. అతను మా ఇంట్లోనే ఉండిపోయాడు, నా మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి కాబట్టి మందను అతనికే అప్పజెప్పాను. దీపాలు పెట్టే వేళకు వస్తానని పొద్దున చెప్పేవాడు. ఒకరోజు ఎండ ఉండగానే వచ్చేవాడు, ఒకరోజు అందరం పడుకున్నాక వచ్చేవాడు. అబద్ధం చెప్పాలని కాదు. చెప్పిన వేళ దగ్గరపడే కొద్దీ కాళ్ళు వేరే దిక్కుకు లాగేవంట. కొన్నాళ్ళకు చెప్పడమే మానేశాడు.

"నా నోటి మీద నాకే నమ్మకం లేదు మామా," అన్నాడు.

మంద కూడా చిక్కిపోయింది. రోజుకొక దారిన తోలితే గొర్రె బెదురుతుంది, నిలబడి మేయదు. ఒకనాడు కర్ర పట్టుకుని నిదానంగా గుట్ట కిందికి పోయి చూశాను. సాయంత్రం పూట బండ మీద ఇంత ఉప్పు పెడతాం, గొర్రెలు నాకడానికి. ఆ ఉప్పు ఆశతోనే మంద చెదరకుండా ఒక చోటికి చేరుతుంది. గంగాధర్ ఒక బండ మీద ఉప్పు పోసి పిలుస్తున్నాడు. గొర్రెలన్నీ అవతల వేరే బండ చుట్టూ మూగి ఉత్త రాయిని నాకుతున్నాయి. నిన్న పెట్టింది అక్కడంట.

"ఏమప్పా, గొర్రెల మీద గూడా బాంబులేస్తారని మార్చినావా?" అన్నాను.

అతను నవ్వలేదు. చేతిలోని ఉప్పు సంచి వైపు చూసుకున్నాడు. "తెలీకుండానే మార్చినా మామా. చెయ్యి దానంతట అదే పోయింది."

అప్పుడు చెప్పాను. గురవమ్మకు మాట ఇవ్వొద్దు, వేళ చెప్పొద్దు, ఇంటి సంగతే తలుచుకోవద్దు.

"రేపు ఇదే రాయి మీద పిడికెడు ఉప్పు పెట్టు. అంతే. పెట్టి యాడికన్నా పో."

మరునాడు పెట్టాడు. పెట్టి, కంపచెట్ల వెనక నక్కి చూశాడంట, రాయి దగ్గరికి ఎవరైనా వస్తారేమోనని. గొర్రెలు వచ్చాయి, నాకి పోయాయి. ఒకరోజు పొరపాటున వేరే బండ మీద పోసి, మళ్ళీ చేత్తో ఎత్తి తెచ్చి ఈ రాయి మీద పోశాడు. ఆ సంగతి సిగ్గుపడుతూ తనే చెప్పాడు. పోనీలే, తెచ్చి పోశావు కదా అన్నాను. కొన్నాళ్ళకు చెట్ల వెనక నుంచి బయటికొచ్చి నిలబడ్డాడు. ఇంకొన్నాళ్ళకు రాయి పక్కనే కూర్చున్నాడు, వీపు గుట్టకు ఆనించి. వానలు మొదలయ్యేసరికి దారి వైపు వీపు పెట్టి కూర్చోగలిగాడు. అప్పటికి గొర్రెలు పిలవకముందే వచ్చి నిలబడేవి.

ఒక పొద్దున, ఎవరూ అడగకుండానే, గడపలో ఆగి గురవమ్మతో అన్నాడు.

"దీపాలు పెట్టే యాళకు వస్తా."

గురవమ్మ తల ఎత్తలేదు.

ఆ సాయంత్రమే జీపు వచ్చింది. నేనూ రాయి దగ్గరే ఉన్నాను. దుమ్ము లేవడం చూసి గంగాధర్ దిగ్గున లేచాడు. కంపచెట్ల వైపు చూశాడు. గొర్రెలు అప్పుడే దిగి వస్తున్నాయి. రాయి మీద ఉప్పు ఇంకా పెట్టలేదు. అతను కదలలేదు. సంచి విప్పాడు. పిడికెడు ఉప్పు తీసి రాయి మీద పోశాడు.

దిగినవాడు రహీం. అప్పట్లో వాళ్ళ జీపు డ్రైవరు. మళ్ళీ ఎన్నికలొస్తున్నాయి, పాత మనుషులను నాయకుడు రమ్మంటున్నాడు, ఇప్పుడే పులివెందులకు బయల్దేరాలి అని చెప్పాడు. చెప్పి, గొర్రెలను, రాయిని, మా అల్లుడిని చూసి తల అడ్డంగా ఊపాడు.

"నిన్ను ఎతకనే లేదబ్బా. ఊర్లో ఒక ముసిలామెను అడిగితే, పొద్దు గుట్ట మీదికొచ్చే యాళకు ఆ రాయి కాడ ఉంటాడు పో అనింది. ఏంది గంగాధరా, ఇట్లయిపోయినావు?"

గంగాధర్ ఉప్పు సంచి మూతి కట్టాడు.

"అట్లనే అనిందా ఆమె?"

"అట్లనే అనింది."

"అంటే ఊరికంతా తెలుసు."

"కుక్కలకు గూడా తెలుసు."

గంగాధర్ నవ్వాడు. ఆ నవ్వు పెండ్లి పందిట్లో చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను.

"నేను రాలేనులే రహీం. దీపాలు పెట్టే యాళకు వస్తానని ఇంటికాడ చెప్పినా."

"నాయకునికి ఏం చెప్పాల?"

"యాడుంటాడో తెలీలేదని చెప్పు."

రహీం కూడా నవ్వి జీపు ఎక్కాడు.

అల్లుడు మందను తోలుకుని ముందు పోయాడు. నేను నా నడకన వెనక చేరేసరికి దీపం వెలుగుతోంది. తట్టలో సంగటి పొగలు కక్కుతోంది. గంగాధర్ ముద్దను ఆ చేతికీ ఈ చేతికీ మార్చుకుంటున్నాడు, వేళ్ళు కాలి.

"మీ ఊర్లో ఇంటికి కప్పు నిలిచే ఉందా?" అని అడిగింది గురవమ్మ.

నోట్లో ముద్ద ఉండటంతో తల ఊపాడు. అది మింగి నా వైపు తిరిగాడు.

"ఆడ గూడా ఒక రాయి చూసుకోవాల మామా," అన్నాడు.