ఇరవై తొమ్మిది దగ్గర గీత

ఆ ప్రయోగశాలలో గ్యాసులు కొలిచే యంత్రం ఆమె చేతిలో ఉండేది. ఎవరు ఏ గాజు గొట్టంలో ఏం తయారుచేసినా, దాని పైనున్న గాలిని సిరంజితో లాగి, యంత్రంలోకి ఎక్కించి, ఏముందో ఎంతుందో తేల్చేది ఆమే. పద్నాలుగేళ్లుగా అదే గది, అదే కుర్చీ. తమ్ముడు అదే భవనంలో పై అంతస్తులో పరిశోధక విద్యార్థిగా చేరినప్పుడు ఆమె పొంగిపోయింది. వాడి గురువు ఆ ప్రయోగశాలకే అధిపతి. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు.

తమ్ముడు ఇనుప పరమాణువు చుట్టూ ఓ కొత్త అణువును అల్లాడు. దాన్నీ, వెలుగును తాగే ఒక రంగునూ ద్రావణంలో కలిపి, కార్బన్ డయాక్సైడ్ పట్టించి నీలి దీపం ముందు పెడితే, ఆ అణువు ఒక ఆక్సిజన్ని ఊడబెరికి కార్బన్ మోనాక్సైడ్ చేసేది. పొగగొట్టంలోంచి పోయే పనికిమాలిన గాలి ఇంధనానికి ముడిసరుకయ్యేదన్నమాట. అయితే ఆ కార్బన్ నిజంగా కార్బన్ డయాక్సైడ్‌లోంచే వచ్చిందా, లేక ద్రావణమే చెడిపోయి వచ్చిందా? అది తేల్చడానికి బరువు ఎక్కువున్న కార్బన్‌తో చేసిన గ్యాసు పెడతారు. మామూలు కార్బన్ మోనాక్సైడ్ అయితే యంత్రం దాని బరువు ఇరవై ఎనిమిదని చూపించాలి. బరువు కార్బన్ అయితే ఇరవై తొమ్మిది. ఓ సెలవు రోజు అక్కాతమ్ముళ్లిద్దరే కూర్చుని కొలిచారు. తెర మీద ఇరవై తొమ్మిది దగ్గర గీత నిటారుగా లేచింది, పక్కనే ఓ చిన్న బుడిపెతో. వాడు కుర్చీతో సహా గిర్రున తిరిగాడు.

వారం తిరక్కుండా పెద్దాయన వాణ్ణి పిలిపించి, అవన్నీ వండి వార్చిన అంకెలన్నాడు. ముగ్గురు మళ్లీ చేసి చూశారట, ఎవరికీ రాలేదట. ఆమె ఉండబట్టలేక ఆయన గదిలోకి వెళ్లింది.

"నేనే కొలిచానండీ. నా కళ్లతో చూశాను."

"తమ్ముడి అంకెలకి అక్క సాక్ష్యమా?" అంటూ పెద్దాయన నవ్వాడు. "ఇద్దరూ కలిసి ఇంట్లో కూర్చుని గీసుకోలేకపోయారా? వెళ్లి ఆ ఫైలు తుడిచేయమ్మా. నీ ఉద్యోగమైనా మిగుల్తుంది."

"సరేనండి," అంది ఆమె.  

అందరికీ కనపడే చోట నుంచి ఫైలు తీసేసింది. ఎవరు ఏ రోజు ఏం కొలిచారో యంత్రం తనంతట తాను రాసుకునే దినచర్య ఒకటి లోపల ఉంటుంది. దాని సంగతి ఆమెకు తప్ప ఎవరికీ పట్టదు. ఆ ఫలితం అబద్ధమని చెప్పి తమ్ముణ్ణి వెళ్లగొడుతూ పై కమిటీకి పెద్దాయన రాసిన ఉత్తరంలో ఆమె పేరూ ఉంది కాబట్టి ఆమెకో నకలు వచ్చింది. దాన్ని మడిచి బీరువాలో దాచింది.

నెల తిరక్కముందే పెద్దాయన మేనల్లుడు గొట్టాలు పట్టుకుని ఆమె గదికి రావడం మొదలుపెట్టాడు. సీసాల మీద ఏదో మారుపేరు. ఎక్కించగానే ఆమెకు అర్థమైపోయింది. అదే అణువు. బరువు కార్బన్ పెట్టినప్పుడు అదే ఇరవై తొమ్మిది, పక్కన అదే బుడిపె. ఒకసారి కాదు, పదకొండుసార్లు.

ఆ రోజే అరిచి గోల చేసి ఉండొచ్చు. చేయలేదు. ఇప్పుడే చెప్తే పెద్దాయన సర్దుకుంటాడు, ఇంకా పైకెక్కనీ అనుకుంది. రెండేళ్లు ఆగింది. ఆయన పేరూ మేనల్లుడి పేరూ పెట్టి వ్యాసం అచ్చయింది. సన్మానమైంది. పెద్దాయన ఎదురుపడ్డప్పుడల్లా ఆమె నవ్వుతూ నమస్కారం పెట్టింది. ఇంటికెళ్లి పళ్లు నూరుకుంది.

తమ్ముడు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనికి కుదిరాడు. "గొట్టం సరిగ్గా కడగలేదేమోనే అక్కా. లేకపోతే వాళ్లకెందుకు రాదు?" అని పదే పదే అడిగేవాడు. ఆమె పళ్లెంలోకి చూస్తూ, "తిను ముందు," అనేది.

చివరికి బయటి నుంచి నిపుణులు వచ్చారు. ఆ అణువుతో పెద్ద కర్మాగారం పెట్టాలా వద్దా తేల్చడానికి, తమ కళ్లెదుటే కొలవమన్నారు. పట్టపగలు, ఆమె గది నిండా జనం. ఇరవై తొమ్మిది దగ్గర గీత లేచింది. చప్పట్లు కొట్టారు.

"ఈ ఫలితం మొట్టమొదట ఎప్పుడు వచ్చింది?" నిపుణుల్లో పెద్దావిడ అడిగింది.

"రెండేళ్ల కిందట, మా మేనల్లుడికి," అన్నాడు పెద్దాయన.

"కాదండీ," అంది ఆమె. యంత్రం దినచర్య తెరిచి అంతకంటే ముందటి తేదీ చూపించింది. తమ్ముడి పేరు, అదే గీత, పక్కనే అదే చిన్న బుడిపె. కింద మేనల్లుడి పదకొండు కొలతలు, తేదీలతో సహా. తర్వాత ఉత్తరం బల్ల మీద పరిచింది.

పెద్దావిడ అంతా చదివి తలెత్తింది. "ఈ సంతకం మీదేనా?"

 పెద్దాయన ముఖం పాలిపోవడం, చెయ్యి బల్ల అంచు కోసం తడుముకోవడం ఆమె రెప్ప వేయకుండా చూసింది. రెండేళ్ల నుంచి ఆకలిగా ఉన్నవాడు అన్నం ముందు కూర్చున్నట్టు చూసింది.

"నీకేం అపకారం చేశానమ్మా?" అన్నాడాయన.

"నా ఉద్యోగం మిగిల్చారుగా," అంది ఆమె.

నెలన్నరలో ఆయన్ని పదవిలోంచి తీసేశారు. వ్యాసం మీద తమ్ముడి పేరు మొదటికి వచ్చింది. కమిటీ తీర్పు కాగితం పట్టుకుని ఆమె కళ్లద్దాల దుకాణానికి పరుగున వెళ్లింది. వాడు చేతులు తుడుచుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"మేనల్లుడికి వచ్చిందని నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వెళ్లిన నెలకే."

"నెలకా?" వాడు కాగితం బల్ల మీద పడేశాడు. "చేతకానివాణ్ణని రెండేళ్లు నన్ను నేను తిట్టుకున్నాను. నీ పక్కనే కూర్చుని తిట్టుకున్నాను. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే ఆవేశపడి వెళ్లి గొడవ చేసేవాడివి. ఆయన జాగ్రత్తపడేవాడు."

"ఆయన కూలిపోవాలి. అంతేగా నీకు కావలసింది!"

 వాడు అరగదీసే చక్రం మళ్లీ తిప్పాడు. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడినా వినపడదు.

పెద్దాయన పడినందుకు ఆమెకు ఈ రోజుకీ రవ్వంత విచారం లేదు. మళ్లీ అవకాశమొస్తే మళ్లీ అంతే చేస్తుంది. తమ్ముడు మాత్రం నాలుగు నెలలు ఇంటికి రాలేదు. తర్వాత పై అంతస్తులో తిరిగి చేరాడని ఎవరో చెబితే తెలిసింది. ఓ ఉదయం గాజు గొట్టం పట్టుకుని ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇది కొలవాలి. ఎప్పటికవుతుందండీ?" అన్నాడు.

ఆ 'అండీ' ఆమెకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. సిరంజి అందుకుంది. 

"గంట పడుతుంది," అంది. "కూర్చుంటావా?"

వాడు గొట్టం బల్ల మీద పెట్టి, "పైన పనుంది," అని వెళ్లిపోయాడు.