విప్పి కుట్టు

కోటు కుడి భుజం దగ్గర ముడత పడింది, చెయ్యి ఎక్కించి కుట్టినవాడెవడో తొందరపడ్డాడు, అది విప్పాలి, విప్పి చంక దగ్గర కాస్త లూజు వదిలి మళ్ళీ కుట్టాలి, అనుకుంటూ టైలరు, బడి హాల్లో తన కుర్చీలోంచి, వేదిక మీద ఉపన్యాసం ఇస్తున్నాయన భుజాన్నే చూస్తున్నాడు తప్ప ఆయన చెప్పేది వినడం లేదు, ఆయన మాత్రం అరచేతులు ఊపుతూ, కింద పడ్డ ప్రతిసారీ లేచే కొడుకుని తయారు చెయ్యడం తండ్రి చేతిలోనే ఉంది, అంటున్నాడు, చేతిలో ఉందట, ఏ చేతిలో, సూది గుచ్చుకుని గుచ్చుకుని వేలికొసలు మొద్దుబారిన ఈ చేతిలోనా, ఇంత కోటు వేసుకున్నవాడికి కొడుకున్నాడో లేడో, ఉంటే మాత్రం పదహారేళ్ళ మగపిల్లాడు ఇంట్లో ఉండటమంటే ఏమిటో ఈయనకేం తెలుసు, వేసిన గది తలుపు ముందు చల్లారిన కంచం పెట్టుకుని వాడి అమ్మ, తినరా నాయనా, ఒక్క ముద్ద తినరా, అని చెక్కకి చెప్పుకోవడమంటే ఏమిటో, పక్క కుర్చీలో కొడుకు మోకాళ్ళ మధ్య చేతులు ఇరికించుకుని నేల చూస్తున్నాడు, లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పాడు, మూడోసారి రాయనంటున్నాడు, అలా తప్పినవాళ్ళ తండ్రులందర్నీ కొడుకుల్ని వెంటబెట్టుకుని రమ్మని బడివాళ్ళు పిలిచారు, ఈ పూట ముగిసేలోగా రాస్తాడో రాయడో హెడ్మాస్టరుకి చెప్పాలి, రాయడంటే పేరు కొట్టేస్తారు, అంతటితో సరి, తను చిన్నప్పుడు ఏ బడి గేటు బయట మిగిలిపోయాడో వీడూ ఆ గేటు బయటే మిగిలిపోతాడు, వీడి బతుకూ ఒకడి ముందు తలొంచుకుని కూర్చునే బతుకే అవుతుంది.

మీరు పడి లేచిన సంగతి ఒకటి మీ అబ్బాయిల ముందు చెప్పండి, అని కోటాయన మైకు కిందికి అందించాడు, ముందు వరసలోంచి బేకరీ ఆయన లేచి, పొయ్యి భగ్గుమని మీసం కాలిపోయినా మర్నాడు షాపు తెరిచాను సార్, మీసమే ఇంతవరకూ తెరుచుకోలేదు, అన్నాడు, హాలంతా నవ్వింది, బేకరీ ఆయన కొడుకు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు, తనవాడు నవ్వలేదు, వీడు నవ్వి ఎన్నాళ్ళైందో, ఏం చూసి నవ్వుతాడు, పొద్దున్న బయల్దేరేటప్పుడు కూడా, ఆ గుండీ చూడు, ఒకటి తప్పించి పెట్టావు, విప్పు, అన్నాడు తను, అనాలని కాదు, ఆ మాట ఆపేలోగానే నోట్లోంచి ఊడిపడుతుంది, చిన్నప్పుడు అట్టముక్కలతో ఇల్లు కట్టి చూపిస్తే గోడ వంకరుందిరా విప్పు, బూటు లేసు వదులైంది విప్పు, లెక్క చేసి తెచ్చి చూపిస్తే మాత్రం ఎగాదిగా చూసి, ఎక్కడో తేడా ఉందిరా, మొదట్నుంచీ చెయ్యి, తేడా ఎక్కడుందో చెప్పే చదువు తనకి లేదు, మళ్ళీ చెయ్యి అనే గొంతు మాత్రం ఉంది, వాడు మళ్ళీ చేసేవాడు, చేసి తెచ్చేవాడు, కొన్నాళ్ళకి తేవడం మానేశాడు, పోనీలే, వాడంతట వాడే చేసుకుంటున్నాడు, దారిలో పడ్డాడు అనుకుని మురిసిపోయాడు తను, ఎంత మురిసిపోయాడు, కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ టేపు మెళ్ళో వేసుకునే చెప్పాడు.

మైకు పక్క వరసకి వచ్చేసింది, బస్సు నడిపే ఆయన దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఏదో చెప్పుకుపోతున్నాడు, తర్వాత తన వంతు, చెప్పాల్సింది సిద్ధంగానే ఉంది, వెతుక్కునే పని లేదు, బడి మానేసి కుట్టుపనిలో చేరిన కొత్తలో షాపు మాస్టరు ప్యాంటు ఇచ్చి కుట్టమన్నాడు, కుట్టాను, విప్పు అన్నాడు, విప్పి కుట్టాను, విప్పు అన్నాడు, ఏడ్చుకుంటూ కుట్టాను, మళ్ళీ విప్పు అన్నాడు, చివరికి గీత గీసినట్టు వచ్చింది కుట్టు, ఆయన వీపు తట్టి, నువ్వు పనికొస్తావురా మొండోడా, అన్నాడు, ఇదీ కథ, దీన్ని కొడుక్కి భోజనాల దగ్గర చెప్పాడు, జ్వరంతో పడుకున్నవాడి మంచం పక్కన చెప్పాడు, మొదటిసారి తప్పినరోజు చెప్పాడు, రెండోసారి తప్పినరోజు ఇరుగుపొరుగు వినేలా చెప్పాడు, ఇప్పుడు పక్క కుర్చీలో కొడుకు తల ఎత్తకుండానే, నాన్నా, ఆ ప్యాంటు సంగతి చెప్పకు, అన్నాడు, ఏం, చెప్తే నీ సొమ్మేం పోయింది, అన్నాడు తను, నా సొమ్మేం పోలేదు, నీ కథే చెప్పినప్పుడల్లా పెరుగుతోంది, మొదట్లో మాస్టరు ఊరికే తలూపేవాడు, తర్వాత వీపు తట్టడం మొదలుపెట్టాడు, ఇంకో ఏడాది ఆగితే సన్మానం చేస్తాడు, అన్నాడు, ఎగతాళే, కానీ గొంతులో ఎగతాళి లేదు, ఒట్టి అలసట, ముసలివాళ్ళకి ఉండే అలసట, ఆ ప్యాంటు అసలేమైంది నాన్నా, అని అడిగాడు.

ఏమవుతుంది, అనుకున్నాడు టైలరు, చచ్చిపోయింది, గుడ్డ చచ్చిపోయింది అంటారు ఈ పనిలో, ఒకే గీత మీద సూది దిగి దిగి, దారం లాగి లాగి, చిల్లులన్నీ ఒకటైపోయి దారాన్ని పట్టుకోవడానికి పోగు మిగలదు, ఇక దేవుడు కుట్టినా కుట్టు నిలవదు, అలాగే ఆ ప్యాంటు చేతుల్లో పర్రుమంది, వీపు మీద పడింది మాస్టరు చెయ్యి కాదు, చెక్క స్కేలు, తను కత్తెర విసిరేసి పరుగెత్తాడు, మళ్ళీ ఈ గడప తొక్కను అనుకుంటూ, చెప్పుల్లేకుండా, మండే ఎండలో, ఇంటికి, తలుపు వేసి ఉంది, అమ్మా అన్నాడు, లోపల అమ్మ దగ్గింది, దగ్గు తలుపు దాకా వచ్చి ఆగింది, మీ నాన్న తియ్యొద్దన్నాడురా, పోయి మాస్టరు కాళ్ళు పట్టుకో, ఇక్కడ నీకు పెట్టేవాళ్ళు లేరు, అంది, అరచేతులు మండేదాకా తలుపు బాదాడు, బడి దగ్గరికి వెళ్ళి కిటికీలోంచి చూశాడు, తన చోట ఇంకెవడో కూర్చుని గట్టిగా చదువుతున్నాడు, ఇక ఎటు వెళ్ళాలో తెలియక తిరిగి షాపుకే వెళ్ళాడు, మాస్టరు తల కూడా ఎత్తకుండా ఇంకో గుడ్డ విసిరాడు, తను కూర్చున్నాడు, అంతే, ఇన్నేళ్ళూ కూర్చునే ఉన్నాడు, నడుం ఒంగిపోయేదాకా కూర్చుని, ఎప్పుడో ఆ కూర్చోవడానికే పట్టుదల అని పేరు పెట్టుకున్నాడు.

మైకు చేతిలోకి వచ్చింది, బస్సాయన చెమటతో తడిగా ఉంది, టైలరు గారూ, మీవాడు ఈసారి రాస్తాడు కదా, మీరు గట్టివారు, మీ మాట వింటాడు, అన్నాడు హెడ్మాస్టరు వేదిక మీదనుంచి, రాస్తాడు సార్ అంటే అయిపోతుంది, నాలుక మీదే ఉంది మాట, రాయకేం చేస్తాడు, నిన్ననే భార్యకి చెప్పాడు, ఆ కంచం తీసెయ్, రాస్తానని నోటితో అనేదాకా వాడికి పెట్టకు, చూద్దాం ఎన్నాళ్ళు బిగుస్తాడో, ఆవిడ ఏడ్చింది, ఏడిస్తే ఏం, మగపిల్లాడు గట్టిపడాలంటే, గట్టిపడాలంటే, ఆ మాట ఇప్పుడు ఎవరి గొంతులోంచి వస్తోంది, తన నాన్నదా, తలుపు చెక్క వెనక అమ్మదా, కొడుకు తల ఎత్తి తనకేసి చూస్తున్నాడు, అడిగినదానికి జవాబు కోసం, నిజంగానే తెలుసుకోవాలని, చిరిగిపోయిందిరా, అన్నాడు, మైకు పట్టుకున్న చెయ్యి దించడం మరిచిపోయాడు, మాట మైకులోంచి హాలంతా పడింది, వెనకెవరో, ఏం చిరిగిందట, అని పక్కవాణ్ణి అడిగారు, కోటాయన తన భుజం చూసుకున్నాడు, కొడుకు మాత్రం తనొక్కడికే వినిపించేలా, మరి మళ్ళీ ఎలా లేచావు నాన్నా, అన్నాడు, అయ్యో, ఆ ఎలా అన్న మాటలో ఎంత ఆశ పెట్టుకున్నాడు వెధవ, ఎలాగో చెప్తే ఇప్పుడే లేచేలా ఉన్నాడు, చెప్పాలి, తండ్రి చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు, లోపలంతా తడుముకున్నాడు, ఒక్క ముక్క, పనికొచ్చే ఒక్క ముక్క, హెడ్మాస్టరు, చెప్పండి, రాస్తాడా, రాయడా, అని మళ్ళీ అడిగాడు, నాకు తెలీదు సార్, అన్నాడు టైలరు, ఆ జవాబు హెడ్మాస్టరుకి కాదు, కొడుక్కి, పోవడానికి చోటుంటే తను ఆ రోజే షాపు వదిలి పోయేవాడు, తనేనాడూ పడి లేవలేదు, లేవడమెలాగో తనకే రాదు.