గాలి కన్ను

అత్తగారికి చూపు పోయాక కోడలికి దక్కిన సుఖం ఒకటే: మూతి విరుపులు. "అలాగే అత్తయ్యా" అని తియ్యగా పలుకుతూనే కళ్ళెర్రజేసేది. భర్తది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఇంట్లో అడిగేవాళ్ళెవరు? అత్తగారిని చూసి అయ్యో పాపం అనుకోకండి, సాధించడంలో ఆవిడా తక్కువ తినలేదు.

కోడలు ఇంట్లోనే కూర్చుని ఒక నిఘంటువుకి మాటల పుట్టుకలు రాస్తుంది. ఆ ఉదయం 'విండో' దగ్గర ఉబలాటం ఆగక పైకే చెప్పేసింది.

"అత్తయ్యా, విండో అంటే మొదట్లో గాలి కన్ను అట! అద్దాల్లేని రోజుల్లో గోడకి కంత, అందులోంచి గాలి."

"మన గవాక్షం మాత్రం? ఆవు కన్నేగా." అత్తగారు కుర్చీని కిటికీ వైపు తిప్పించుకుంది. "ఇంటికి కన్నుండగా ఇక నాకేం బెంగే!"

కోడలు నవ్వింది. మధ్యాహ్నానికి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. కిటికీ దగ్గర్నుంచి అత్తగారు అంది:

"తాళాలు బాగుచేసేవాడు జుట్టుకి రంగేసుకున్నాడే! చెవికి కూడా అంటించుకున్నాడు, ఖర్మ."

కోడలు వీధిలోకి తొంగి చూసింది. నిజమే, చెవి నల్లగా ఉంది. రంగుకి చప్పుడుండదు కదా! ఈ కన్ను ఇటు తిరిగితే తన గతేం కాను? నోరు అదుపులో పెట్టుకోగలదు గానీ, మొహాన్ని అదుపు చేసుకోవడం ఆమెకి ఈ జన్మకి రాదు.

వెంటనే వడ్రంగిని పిలిపించి, చలిగాలికి అత్తయ్యకి జలుబు చేస్తోందని బొంకి, కిటికీకి చెక్కలు కొట్టించేసింది. "బంగారంలాంటి కిటికీ అండీ" అని గొణుక్కుంటూ అతను వెళ్ళిపోయాడు.

హాల్లోంచి పడే కాస్త వెలుగులో అత్తగారి మొహం వాడిపోయి కనిపించింది. పొద్దుటినుంచీ ఆ మొహం ఎంత వెలిగిపోయిందో కోడలికి గుర్తొచ్చింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకుని, గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది.

"వీధి కనబడటం లేదే," అంది అత్తగారు మెల్లగా. "ఇల్లు కన్ను మూసుకుంది. ఇప్పుడన్నీ లోపలివే కనబడుతున్నాయి."

కోడలు కదల్లేదు. అత్తగారి చెయ్యి సరిగ్గా ఆమె ఉన్న వైపే సాగింది.

"ఇన్నేళ్ళూ నువ్వు నాకు పెట్టిన మొహాలన్నీ ఈ గదిలోనే ఉన్నాయే. ఒకటి పోతే ఇంకోటి వస్తోంది. ఇంత అసహ్యమా, నేనంటే?"

"అత్తయ్యా..."

"వడ్రంగిని వెనక్కి పిలు తల్లీ. నాకు వీధే నయం."