కాటా మేడమ్

“ఏడు కిలోల రెండొందలు,” అని ప్రమీలారాణి తనకు తనే చెప్పుకుని, పుస్తకంలో రాసుకుని, నీలం గుడ్డ సంచిలో కాళ్లాడిస్తున్న పసివాణ్ణి కాటా కొక్కెం నుంచి దించింది. వాడు దిగుతూ దిగుతూ ఆమె చీర తడిపాడు. ఆమె గమనించలేదు. చింతచెట్టు నీడలో కూర్చున్న తల్లుల వరుసను కళ్లతో మళ్లీ ఒకసారి వెతికింది. పదమూడు మంది అయ్యారు, ఇంకా పాతిక మంది దాకా ఉన్నారు. అందులో దుర్గ లేదు.

చర్ల దాటి, వాగు దగ్గర జీపు ఆపుకుని, అక్కడి నుంచి ముప్పావుగంట నడిస్తే వస్తుంది చింతగుంపు. అక్కడ ఆమెను అందరూ కాటా మేడమ్ అనే అంటారు. మూడు నెలలకోసారి వచ్చి పిల్లల్ని తూచి, బక్కగా ఉన్నవాళ్లకు పిండి పొట్లాలిచ్చి పోయే మేడమ్. అసలు ఆమె పని అది కాదు. బూర్గంపాడు వైపు ఉన్న ఒక చిన్న మిషన్ దవాఖానాలో ఆమె పరిశోధన డాక్టరు. హెచ్‌ఐవీ ఉండి, దానికి తోడు గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ వచ్చి, హైదరాబాదులో రేడియేషన్ పెట్టించుకున్న ఆడవాళ్ల రక్తం మూడు నెలలకోసారి తీయడం ఆమె పని. రేడియేషన్ దెబ్బకు రోగాలతో పోరాడే కణాలు ఎంత పడిపోతాయి, ఎన్నాళ్లకు లేస్తాయి, కొందరిలో అసలు ఎందుకు లేవవు? ఏడేళ్లుగా ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని అడవి దారుల్లో తిరుగుతోంది.

మొదటి ఏడాది నేరుగా ఇళ్లకే వెళ్లేది. జీపు ఎవరి వాకిట్లో ఆగితే వాళ్ల ఇంటికి ఊరు దూరం జరిగేది. పినపాక దగ్గర ఒకామెనైతే ముందు ఇంట్లోంచి పశువుల కొట్టంలోకి, తర్వాత కొట్టంలోంచి ఊరి బయటికి పంపారు. ఆ సంగతి తెలిసిన వారమే ప్రమీలారాణి ఈ కాటా కొనుక్కుంది. ఊరి పిల్లలందర్నీ తూస్తే ఏ తల్లి కోసం వచ్చిందో ఎవరికీ అంతుపట్టదు. తూకం మధ్యలో “నువ్వు పాలిపోయినట్టున్నవు, రక్తం చూద్దాం రా” అని నలుగురైదుగుర్ని పక్కన కూర్చోబెట్టుకుంటుంది. అందరికీ ఐరన్ గోలీలిస్తుంది. ఆ ఐదుగురిలో ఒక్కరి రక్తం గొట్టమే హైదరాబాదు వెళుతుంది.

దుర్గ ఆమె పుస్తకంలో పదిహేడో నంబరు. రెండున్నరేళ్ల కింద మిరపకాయ ఏరను పోతున్నానని ఊళ్లో చెప్పి, అయిదు వారాలు హైదరాబాదులో ‘కరెంటు’ పెట్టించుకుని వచ్చింది. రేడియేషన్‌ను ఇక్కడ అందరూ అలాగే అంటారు. వస్తూ వస్తూ ఖమ్మం మార్కెట్లో ఒక సంచెడు మిరపకాయలు కొనుక్కొచ్చి వాకిట్లో ఆరబోసిందట, ఎవరికీ అనుమానం రాకుండా. ఆ మాట చెప్పి నవ్వింది. నవ్వడం అయ్యాక ప్రమీలారాణి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మా అత్తకు మాత్రం తెల్వనియ్యకు మేడమ్. తెలిస్తే నా బిడ్డను నా దగ్గర ఉండనియ్యది. ఒట్టెయ్యి.”

ప్రమీలారాణి ఒట్టేసింది. ఇలాంటి ఒట్లు ఆమె నలభై ఒకటి వేసింది. ఆ నలభై ఒక్కరిలో ఇప్పుడు పద్నాలుగు మందే బతికి ఉన్నారు. ఏ నంబరు ఏ మనిషిదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, కాగితం మీద కూడా లేదు. హైదరాబాదు పెద్ద డాక్టరు అచ్చువేయించే వ్యాసాల్లో ఆమె పేరు చివరి నుంచి రెండోది. సత్తుపల్లిలో చర్చి ఉపదేశి కూతురిగా పుట్టి, పెళ్లి మాట ఎత్తిన ప్రతిసారీ వచ్చే ఏడాది అంటూ యాభై మూడేళ్లకు వచ్చింది. చెల్లెలు విశాఖపట్నం వచ్చెయ్యమని పోరుతోంది. ఎలా వెళ్తుంది? ఆమె వెళ్లిపోయిన మరునాటి నుంచి ఆ పద్నాలుగు మందీ ఉత్త అంకెలైపోతారు. ఆమె కట్టుకున్న ముడి ఆమెకే బిగుసుకుంది.

దుర్గ కణాలు నూట అరవైకి పడిపోయాయని ఫలితం వచ్చి ఇరవై రోజులైంది. రెండు వందలకు దిగితే ఖమ్మంలో హెచ్‌ఐవీ మందులు ఊరికే ఇస్తారు. ఆ రోజే రావలసింది. కానీ మూడు నెలలు నిండకుండా వస్తే ఊరికి అనుమానం. ఇరవై రోజులు ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని, ఇవాళ మందుల చీటీ సంచిలో పెట్టుకుని వచ్చింది. భద్రాచలంలో నాలుగు గంటల బస్సుకు దుర్గను ఎక్కించి, తనూ ఖమ్మం వెళ్లాలి. జీపు దగ్గరే ఉండిపోయిన డ్రైవరు జకర్యా, మూడింటికి పోలీసు క్యాంపు దాటకపోతే బస్సు అందదని మరీ మరీ చెప్పి పంపాడు.

వరుస సగమయ్యేసరికి దుర్గ అత్త కన్నమ్మ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. నాలుగేళ్ల నాగలక్ష్మి కాటాను చూసి మొహం దాచుకుంది.

“పిల్లను నువ్వు తెచ్చినవేంది కన్నమ్మా? తల్లేది?”

“పండుకున్నది.”

“జరమా?”

“అవ్. నాలుగు రోజులాయె.”

కన్నమ్మ ఇంకేదో చెప్పబోయినట్టు నోరు తెరిచింది. వెనక్కి తిరిగి వరుసలో ఉన్న ఆడవాళ్లను చూసింది. వాళ్లు కోయ భాషలో ఏదో అడిగారు, ఆమె ముక్తసరిగా జవాబిచ్చింది.

“పిల్లను తూచు మేడమ్,” అంది ఇటు తిరిగి. “అందర్నీ తూచు. నీ పని కానియ్యి.”

పదకొండు కిలోలు. ప్రమీలారాణి ఆ అంకెను వేరే పిల్ల పేరు పక్కన రాసి, కొట్టేసి మళ్లీ రాసింది. దుర్గ ఇల్లు కనబడుతూనే ఉంది, మూడో దడి వెనక. గట్టిగా వంద అడుగులు. వరుస వదిలి ఇప్పుడు అటు నడిస్తే ఈ కళ్లన్నీ తన వెంటే వస్తాయి. రేపటికల్లా నాగలక్ష్మితో ఏ పిల్లా ఆడదు. జ్వరం గోలీలు తీసి కన్నమ్మకిచ్చింది. కన్నమ్మ వాటిని కొంగున ముడేసుకుంది కానీ ఇంటికి పోలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని అక్కడే, చెట్టు మొదట్లో కూర్చుంది.

అది చూసి ప్రమీలారాణి మనసు కాస్త కుదుటపడింది. ఇంట్లో మనిషికి ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇలా చెట్టు కింద కూర్చుంటారా? ముప్పై ఏళ్లు డాక్టరుగా ఉన్న మనిషి ఆ పూట అంత తేలికగా తనను తాను నమ్మించుకుంది. మిగిలినవాళ్లను తొందర తొందరగా తూచింది. ఎనిమిది. తొమ్మిదిన్నర. ఆరున్నర. ఒకరిద్దరికి పిండి పొట్లాలివ్వడం మరిచిపోయి వెనక్కి పిలిచింది. ఆఖరి పిల్ల దిగేసరికి ఒంటిగంటన్నర దాటింది.

“గొంతెండిపోయింది కన్నమ్మా,” అంది అందరికీ వినబడేలా. “మీ ఇంట్ల మంచినీళ్లు తాగి పోత.”

కన్నమ్మ అప్పటిదాకా ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు చటుక్కున లేచింది.

ఇంట్లో మంచం మీద దుర్గ తలుపు వైపు తిరిగి పడుకుని ఉంది. జుట్టు నున్నగా దువ్వి ఉంది. బుగ్గలు లోపలికి పోయి, మూడు నెలల కింద చూసిన మనిషేనా అనిపించింది. ప్రమీలారాణి మోకాళ్ల మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది. వదిలి మెడ దగ్గర చూసింది. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. నాడి లేదు. మళ్లీ మణికట్టు పట్టుకుంది, ఇక వదలలేదు.

కన్నమ్మ గుమ్మంలో నిలబడి ఆమె వీపు చూసే అర్థం చేసుకుంది. పిల్లను కిందికి దించింది.

“నేను చెట్టు కాడికి వచ్చేటప్పుడు మాట్లాడింది,” అంది మెల్లగా. “నువ్వొచ్చినవంటే నవ్వింది. ముందు అందర్ని తూచనియ్యి అన్నది.”

“నన్నెందుకు పిలవలేదు కన్నమ్మా?”

“ఎట్ల పిలుస్త? అందరు చూస్తుండిరి.” కన్నమ్మ వెనక్కి తిరిగి వాకిట్లోకి ఒకసారి చూసింది. “నాకెరికే మేడమ్. కరెంటు పెట్టించుకున్నది ఎరికే. నా కొడుకు బాలకృష్ణ ఏ రోగంతోటి పోయిండో గది గూడ ఎరికే. దుర్గనే చెప్పింది, చలికాలంల.”

“మరి నాకు...”

“నీకు చెప్పొద్దన్నది. మేడమ్ ఒట్టేసింది, అత్తకు తెలిసిందంటే మాట పోయిందని ఆమె ఇంక రాదు, మందు తేదు అన్నది. గందుకే నోరు మూసుకున్న. నీ పని అయినంక నువ్వే వస్తవని కూసున్న.”

ప్రమీలారాణికి ఏడుపు తన్నుకొచ్చింది. ఓ మూడు గంటలు ముందుగా వచ్చినా బతికించగలిగేది కాదేమో, ఆమె డాక్టరు, ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇరవై రోజుల ముందు వస్తే? అది మాత్రం ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఒకే ఇంటి మీద ఇద్దరు ఆడవాళ్లు చెరోవైపు కాపలా కాశారు, లోపల మనిషి ఒంటరిగా పోయింది. ఆమె మంచంకోడుకు నుదురు ఆనించి గట్టిగానే ఏడ్చింది.

“కండ్లు తుడుచుకో మేడమ్,” అంది కన్నమ్మ, తన కళ్లు తుడుచుకోకుండానే. “బైట మనుషులున్నరు. నువ్వు పిల్లల్ని తూచే మేడమ్‌వి. నువ్వు గిట్ల ఏడిస్తే వాళ్లకు తెలుస్తది. నువ్వు పో. నువ్వు దూరంబోయినంక నేను ఏడుస్త.”

ప్రమీలారాణి లేచింది. కొంగుతో మొహం అద్దుకుంది. కన్నమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లు తాగింది, వచ్చింది అందుకేనని అందరికీ చెప్పింది కాబట్టి. గుమ్మం దగ్గర కాలికి ఏదో తగిలింది.

మూతికి తాడు కట్టిన గుడ్డసంచి. “ఈసారి ఖమ్మం పోవాల్సొస్తదని పోయినసారి దుర్గతోటి అంటివంట గద,” అంది కన్నమ్మ. “పొద్దున్నే సర్దిపెట్టిన, తల్లీబిడ్డలియి.” తాడు వదులైంది. లోపల దుర్గ చీర మడత మీద, పైకి కనబడేలా, నాగలక్ష్మి గౌన్లు రెండు ఉన్నాయి.