చెంచా వీపున వెండి

ఇంగ్లండులో చెంచాలు, కత్తులు చేసే షెఫీల్డ్ ఊళ్ళో థర్జా బ్రామల్ చేతిలో పడిన చెంచా అద్దమై తేలాల్సిందేనని ఆమె కింద పనిచేసే ఆడవాళ్ళు గొప్పలు చెప్పుకునేవారు. తలకు ఎర్రగుడ్డ కట్టి, మురికి అంటకుండా ఒంటికి మందపాటి కాగితం చుట్టుకుని పొద్దుగూకేదాకా పాలిష్ చక్రం ముందే కూర్చునేది. నలభైకి దగ్గరపడినా పెళ్ళిమాట ఎత్తనిచ్చేది కాదు. ఇంట్లో ఆమె, ముసలితండ్రి జొసాయా, అంతే.

ఆమెకు గిట్టనివల్లా పూతగది నుంచి ఇనాక్ హాలం తెచ్చే చెంచాలు. చెంచా అంతటికీ వెండిపూత వేశాక గిన్నె వీపు మీదా, కాడ చివర అడుగునా అతను మరికాస్త వెండి ఎక్కించేవాడు. వేలితో తడిమితే ఎత్తు తెలిసేది.

"ఏమయ్యా ఇనాక్, నీ చెంచాలకు పులిపిర్లు లేస్తున్నాయి, మందేదన్నా రాయకూడదూ?" అంది థర్జా ఒకనాడు బుట్ట అందుకుంటూ.

"పులిపిర్లు కాదు తల్లీ! బల్లమీద పెడితే చెంచా ఆనేది ఆ రెండు చోట్లే. ముందుగా అరిగేదీ అక్కడే. నేను ఎక్కించిన వెండినంతా నువ్వు గీకి దుమ్ములో కలిపేస్తున్నావు."

"మరి చూడ్డానికి నున్నగా ఉండొద్దూ?"

పక్క చక్రం మీదున్న లవీనియా అందుకుంది. "బుట్టలు మోయడానికి వేరే మనిషి ఉన్నాడు కదక్కా, రోజూ ఈయనే ఎందుకు మోసుకొస్తున్నాడో అడగవేం?"

గదంతా గొల్లుమంది. ఇనాక్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కదల్లేదు. "పందెం వేసుకుందాం," అన్నాడు. "నేను పంపినట్టుగా ఒకటి, నువ్వు నున్నగా అరగదీసింది ఒకటి, రెండూ మీ ఇంట్లో వాడు. నీది ముందు అరిగితే వచ్చే వేసవిలో విట్సన్ పండక్కి నాతో పార్కుకు రావాలి."

"నీది అరిగితే?"

"ఇక నీ పాలిష్‌కు వంకపెట్టను."

"ఆ ప్రశాంతత కోసమైనా గెలుస్తాను," అంది థర్జా.

చలికాలమంతా తండ్రీకూతుళ్ళు ఆ చెంచాలతోనే జావ తాగారు. ఏది ఎవరిదో జొసాయా మొదటిరోజే అడిగి తెలుసుకున్నాడు. పండగ దగ్గరపడింది. ఒకరోజు పనిలో యంత్రం పట్టా తెగడంతో థర్జా మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. పెరట్లో గరగరమని చప్పుడు. తండ్రి రాతిమెట్టు మీద కూర్చుని ఇసకతో చెంచా తోముతున్నాడు.

"నాన్నా! ఏమిటా పని?"

"జావ అంటుకుందే."

"జావకు ఇసకా? నన్ను ఓడించాలనే కదూ?"

ముసలాయన చెంచా ఒళ్ళో పెట్టుకున్నాడు. "జావ తాగి అరగదీయాలంటే ఇరవయ్యేళ్ళు పడుతుంది. అందాకా నేనుంటానా? కానీ మోసం మాత్రం చెయ్యలేదమ్మాయ్. రెండూ ఒక్కలాగే తోమాను. ఆ ఇనాక్‌ది అరగనని మొండికేస్తే నన్నేం చెయ్యమంటావు?"

థర్జా ఆ చెంచాలను వెలుతురులోకి తీసుకెళ్ళింది. తన దాని వీపున వెండి పోయి అడుగులోహం పాచిపట్టినట్టు పసుపుగా కనిపిస్తోంది. ఇనాక్‌ది గీతలు పడినా తెల్లగానే ఉంది. ఇన్నేళ్ళూ ఎంత వెండి దుమ్ములోకి ఊదేసిందో తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది. తండ్రి మీద కోపం తెచ్చుకోబోతే నవ్వొచ్చింది.

మర్నాడు తానే పూతగదికి వెళ్ళి జరిగిందంతా దాచకుండా చెప్పింది.

ఇనాక్ చెంచాలను తిప్పి తిప్పి చూశాడు. "ఇసకతో గెలిచింది గెలుపు కాదు. మళ్ళీ మొదలుపెడదాం. ఇరవయ్యేళ్ళయినా ఆగుతాను."

"అప్పుడు నిన్ను పార్కుకు తోపుడుబండిలో తీసుకెళ్ళాలి. పండగ సోమవారం రెండింటికి గేటు దగ్గరుండు. ఆ పూతమందు వేళ్ళు మాత్రం బాగా కడుక్కునిరా."

విట్సన్ సోమవారం వాన దంచికొట్టింది. బ్యాండువాళ్ళ మంటపం కింద ఇద్దరూ చేరేసరికే థర్జా కొత్త టోపీ రంగు కారి చెంప మీదికి దిగింది. ఇనాక్ జేబురుమాలు తీశాడు గానీ చెయ్యి ముందుకు సాగలేదు.

"చూస్తూ నిలబడ్డావేం? తుడువు," అంది థర్జా.

అతను తుడిచాడు. రంగు పోయినా చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు. ఆమె కూడా వద్దనలేదు.