నేర్చుకుంటున్న పెట్టె

ఆ దగ్గు మీరంతా విన్నారు. వినలేదని ఇప్పుడు బొంకకండి. హైదరాబాదు నుంచి పెట్టె తెచ్చినవాడా, దానికి దండ వేసి నిలబెట్టిన సావుకారూ, కూల్‌డ్రింకులు తాగుతూ చప్పట్లు కొట్టిన పెద్దమనుషులారా, మీలో చెవిటివాడు ఒక్కడూ లేడు.

అది ఎనభై ఆరో సంవత్సరం. శివరాత్రి వెళ్లి, రేకులు వేడెక్కే రోజులు. ఆదోని పత్తి మిల్లులో హులిగమ్మ ఎప్పటిలాగే చీర పైకి దోపుకుని, మోకాళ్ల మీద పాకుతూ పెట్టెలోకి దూరుతోంది. వెనక నుంచి మద్దమ్మ ఆమె చేతిలో బెల్లం ముక్క పెట్టింది. పత్తి ఏరే ఆడవాళ్లందరి కొంగుల్లోనూ బెల్లం ఉంటుంది. గొంతులోకి పోయిన దూదిపొట్టును అదే కిందికి దించుతుందని వాళ్ల నమ్మకం.

"కొరకొద్దు మే, సప్పరిస్తా ఉండు. పెట్టె సూసేకి ఎమ్మిగనూరోళ్లు వస్తాండారంట ఈ పొద్దు."

"వస్తే రానీ. వాళ్లకు గూడా నా మొగం సూపించరు గదా," అంది హులిగమ్మ.

మేస్త్రీ నరసప్ప తలుపు వేస్తూ వేలు చూపించాడు. "దగ్గు ఇనపడిందంటే రేపట్నుంచి గేటు కాడికి గూడా రావద్దు. సెప్పినా."

బయటనుంచి గడియ పడింది.

హులిగమ్మకు నలభై ఏళ్లు నిండలేదు. కనుబొమల్లో, వెంట్రుకల్లో పట్టిన దూది వల్ల ముసలిదానిలా కనిపిస్తుంది. వేళ్ల కొసలు అరిగి నున్నగా మెరుస్తాయి. మెడకింద గుంటలు ఊపిరి పీల్చినప్పుడల్లా లోతవుతాయి. పెద్దకడుబూరు నుంచి లంగా ఓణీల వయసులో వచ్చింది. పెళ్లయింది. మొగుడు కాలువ పనికని పోయి మళ్లీ రాలేదు. ఆమె ఏరుతూనే ఉంది. తెల్లపత్తి ఒక పక్కకు, పసుపుబారింది ఇంకో పక్కకు. పోయిన వానాకాలంలో దగ్గు ముదిరి గంపలు మోయలేకపోయింది. అప్పుడే పెట్టె వచ్చింది.

నీలం రంగు రేకుల పెట్టె. ముందు అద్దాల కన్ను, పైన ఎర్ర బల్బు. ఒక వైపు నుంచి తిరిగే పట్టా మీద పత్తి లోపలికి పోతుంది, ఇంకో వైపు రెండు గొట్టాల్లోంచి మంచిదీ చెడ్డదీ వేరై వస్తుంది. కంప్యూటరు కన్ను, మనిషి చెయ్యి తగలదు అని పేపర్లో వేశారు. నిజానికి మొదటి రోజే అది రెండింటినీ కలగలిపి కక్కింది. టై కట్టుకున్న కంపెనీ మనిషి కంగారు పడలేదు. "మిషను ఇంకా నేర్చుకుంటోంది. నేర్చుకునేదాకా లోపల ఎవరినైనా కూర్చోబెట్టండి," అన్నాడు. బక్కగా ఉందని, కూర్చునే పని కావాలని బతిమాలుతోందని హులిగమ్మను లోపల పెట్టారు.

ఆమె ఆ మాట నమ్మింది. బిడ్డకు నేర్పినట్టు నేర్పింది. ఏరిన ప్రతి పిడికెడు పత్తినీ, లోపలివైపుకూ ఉన్న ఆ కంటి అద్దం ముందు ఒక క్షణం పట్టుకునేది. "సూడప్పా, ఇది తెలుపు. ఇది మచ్చ. నువ్వు బిరీన నేర్చుకుంటే నేను ఇంటికి పోతా," అని గొణిగేది. నెలలు గడిచాయి. వాడికి బుర్ర మందమేమో అనుకుంది గానీ, అబద్ధమనుకోలేదు.

ఆ పొద్దు పెట్టె కంటికి పొట్టు పట్టి మసకబారి ఉంటే కొంగుతో తుడిచింది. అద్దం ఊడి ఒళ్లో పడింది. వెనక తీగ లేదు, ఏమీ లేదు. ఖాళీ డబ్బాలో కందిరీగ కట్టుకున్న మట్టిగూడు ఉంది.

హులిగమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఇన్ని నెలలు కందిరీగకు పాఠం చెప్పినందుకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొస్తుందని బెల్లాన్ని పంటికింద బిగబట్టింది.

జీపులు వచ్చాయి. పట్టా కదిలింది. చేతులు వాటంతటవే ఏరుతున్నాయి. బయట బల్బు వెలిగినట్టుంది, ఆహా అన్నారు. సావుకారు గొంతు రేకు పక్కనే వినిపించింది.

"ఇంక ఏరేవాళ్లతో నాకేం పని? వచ్చే వారం అందరినీ పంపించేస్తున్నా."

అందరూ అంటే మద్దమ్మ. అందరూ అంటే ఆమె వీధి మొత్తం. తన చేతి పనినే మిషను పనిగా చూపించి, వాళ్ల నోటి దగ్గర కూడు లాగుతున్నారు. గుట్టుగా ఉంటే తన కూలి తనకుంటుంది. హులిగమ్మ చేతులు ఆగిపోయాయి. బెల్లం ముక్కను ఉమ్మేసింది.

దగ్గింది. ఇన్ని నెలలు అణచిపెట్టిన దగ్గంతా దగ్గింది. రేకులు అదిరాయి. గొట్టాల్లో తెలుపూ పసుపూ కలిసి పడ్డాయి.

బయట చప్పట్లు ఆగాయి. తర్వాత కంపెనీ మనిషి గొంతు: "మిషనుకు మీ ఆదోని దుమ్ము పడినట్టు లేదు, జలుబు చేసింది!"

అందరూ పగలబడి నవ్వారు. నరసప్ప మోటారు చప్పుడు పెంచాడు. ఎమ్మిగనూరు సావుకారు, "మాకూ ఇట్లాంటిదే గావల్ల. ఇదే ఇచ్చేయండి," అన్నాడు. భోజనాలకు లేచారు.

లోపల దగ్గు చిన్నదయింది. తర్వాత ఆగింది.

జీపులు వెళ్లాకే గడియ తీశారు. హులిగమ్మ రేకుకు ఆనుకుని కూర్చుని ఉంది, రెండు పిడికిళ్లలో పత్తితో. మద్దమ్మ ఆమె వేళ్లు విప్పడానికి చాలా కష్టపడింది. ఎండదెబ్బకు పోయిందని రాయించారు. మూడో రోజు పెట్టెను కడగనైనా కడగకుండా లారీ ఎక్కించారు.

ఇప్పుడది ఎమ్మిగనూరులో ఉంది. లోపల ఇంకెవరో నోరు మూసుకుని కూర్చుని ఉన్నారు. దాని గడియ పట్టపగలు, ఊరంతా చూస్తుండగా తీయాలి. లోపలి మనిషిని బయటికి తేవాలి. పెట్టెను చూపించి ఇక్కడా అక్కడా పంపేసిన ప్రతి ఆడమనిషినీ పనిలోకి తిరిగి పిలవాలి. రేకులన్నీ విప్పి పడేయాలి. రుజువేదని అడిగేవాళ్లు తల లోపలికి పెట్టి పట్టా కింద చూడండి: చెక్కకు అంటుకుని, దూదిపీచు పట్టి, ఒక పక్క పంటిగాటుతో బెల్లం ముక్క.