ఎర్నమ్మ వాటా

గుండె ఆపరేషను అయి గిరిబాబు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున భార్య ఈశ్వరి మందుల సంగతి ఎత్తలేదు. మొక్కు సంగతి ఎత్తింది.

"మా ఎర్నమ్మ తల్లికి మొక్కినాను. వచ్చే మంగళవారం తీర్చీవాల."

"తీర్చేద్దాం. కోడా, మేకా?"

"రెండూ కాదు. శాక."

శాక అంటే అమ్మవారి ముందు నేల మీద ధారగా పోసే కల్లో, సారానో. ఈశ్వరి కన్నవారి ఊరు చీపురుపల్లి దగ్గర. పెళ్ళైన కొత్తలో గిరిబాబు అక్కడ శాక పొయ్యడం చూశాడు.

"దానికేం, షాపు నుంచి ఒక సీసా తెప్పిస్తాను."

"షాపుది కాదండి. 'ఆయనకి అన్నిటికంటే ఇష్టమైంది నీకు పోస్తాను తల్లీ' అని మొక్కినాను."

గిరిబాబు దిండు సర్దుకున్నాడు. "నాకు అన్నిటికంటే ఇష్టం నువ్వు కదే."

"నేను సీసాలో పడతానేటి?" అని ఈశ్వరి మందులు తీసుకురావడానికి లోపలికి వెళ్ళింది.

గిరిబాబుకు రాజాంలో రైసుమిల్లు ఉంది. నలభై దాటేదాకా అతనికి తాగుడు అలవాటు లేదు. అలవాటు చేసింది బావమరిది పృథ్వీరాజ్. అతను ఓడల్లో ఇంజనీరు. ఒకసారి సెలవుకు వస్తూ సింగిల్ మాల్ట్ విస్కీ సీసా ఒకటి తెచ్చి, అదెలా తయారవుతుందో చెప్పాడు. బార్లీ గింజలు నానబెడతారు, నేల మీద పరిచి మొలక రానిస్తారు, మొలక ముదరకుండా వేడి పెట్టి ఆరబెడతారు. కొన్ని చోట్ల ఆ వేడికి బురదనేలలోంచి తవ్వి ఎండబెట్టిన గడ్డల్ని కాలుస్తారు. ఆ పొగ గింజకు పడుతుంది, గింజ నుంచి సరుక్కి వస్తుంది.

"ఇది మన మండె కట్టడమే కదరా," అన్నాడు గిరిబాబు. విత్తనాల ధాన్యం నానబెట్టి, గోనెల్లో కట్టి, మొలక కోసం కాచుకోవడం అతను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పని. చెయ్యి లోపలికి పెట్టి వేడి చూసి, రేపటికి మొలక వస్తుందో రాదో చెప్పగలడు. ఎక్కడో చలిదేశంలో ఇంకొకడు అదే పని చేసి, దాన్ని పన్నెండేళ్ళో పదహారేళ్ళో పీపాలో దాస్తాడని వినేసరికి అతనికి ఆ సీసా మీద గురి కుదిరింది.

అప్పటి నుంచి పృథ్వీరాజ్ వచ్చినప్పుడల్లా ఒకటి తెచ్చేవాడు. టాలిస్కర్, లాగవూలిన్, లాఫ్రోయిగ్. శనివారం మిల్లు కట్టేశాక గిరిబాబు స్నానం చేసి, బీరువా తెరిచి, ఒక సీసా ఎంచుకుని, గ్లాసులో కొంచెం పోసుకుని, నాలుగు చుక్కలు నీళ్ళు కలుపుకుని గంటసేపు కూర్చునేవాడు. ఎవరికీ చూపించడానికి కొన్నవి కావు. బీరువాలో దాదాపు అన్ని సీసాలూ మూత తీసినవే.

ఒక్కటి మాత్రం తియ్యలేదు. దాని పేరు కలీలా. పృథ్వీరాజ్ ఓడ రేవులో ఆగినప్పుడు గ్లాస్గోలో ఒక షాపులో కొన్నాడు. 1984లో పీపాలోకి ఎక్కించి, ముప్పై ఏళ్ళు అందులోనే ఉంచి దించిన సరుకు. ఆ పీపాకు కొన్ని వందల సీసాలే వచ్చాయి. 1984 గిరిబాబు తండ్రి మిల్లుకు పునాది వేసిన ఏడు. గిరిబాబు ఆ సీసాను చేతిలోకి తీసుకుని, "ఇది మంచిరోజు చూసి తీద్దాం," అన్నాడు.

ఆ తర్వాత మంచిరోజులు చాలా వచ్చాయి. కూతురు శ్రావణి పెళ్ళైంది. ఈ గోలలో ఎందుకన్నాడు. మిల్లుకు రంగు మారిన బియ్యం ఏరేసే సార్టెక్స్ మిషను వచ్చింది. మిషను కోసం తీస్తామా అన్నాడు. మనవరాలు పుట్టింది. మాటలు రానీ అన్నాడు.

"దీనికి ముహూర్తం పెట్టే పంతులు ఇంకా పుట్టలేదు బావా," అనేవాడు పృథ్వీరాజ్.

ఆదివారం పొద్దున్న ఈశ్వరి బీరువా తెరిచింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె దానిలో చెయ్యి పెట్టడం అదే మొదలు. దుమ్ము దులపడానికి కూడా గిరిబాబు ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

"మీ పేణం ఏదండి ఇందులో?"

"లాగవూలిన్. రెండో అర, పచ్చ సీసా," అన్నాడు గిరిబాబు మంచం మీద నుంచి. అబద్ధం కాదు. శనివారాల్లో ఎక్కువగా తీసింది దాన్నే.

ఈశ్వరి దాన్ని వెలుతురుకు పట్టింది. "సగవే ఉన్నాది."

"సగమైతేనేం?"

"ఎంగిలండి. మూత తీసింది తల్లికి పనికిరాదు. సీలుండాల."

ఈ సంగతి గిరిబాబుకు తట్టలేదు. ఈశ్వరి ఒక్కో సీసా తీసి మూత చూసి పక్కన పెడుతోంది. టాలిస్కర్ ఎంగిలి. లాఫ్రోయిగ్ ఎంగిలి. ఎలుక కొరికిన అట్టగొట్టం ఒకటి చేతికి తగిలితే పనికిరానిదనుకుని లోపలికి నెట్టేసింది. అందులోనే కలీలా ఉంది. కింది అరలో ఒక చెక్కపెట్టె దొరికింది. లోపల ఎర్ర మఖమలు, దాని మీద సీసా, సీసా మెడకు బంగారు రంగు తాడు.

"ఇదే కదా? పెట్టె సేయించి మరీ దాసుకున్నారు!"

ఆ పెట్టె మిషన్ల కంపెనీ ఏజెంటు దీపావళికి ఇచ్చింది. అది సింగిల్ మాల్ట్ కూడా కాదు, నాలుగు రకాలు కలిపిన సరుకు. గిరిబాబు దాన్ని ఎప్పుడూ లెక్కలో పెట్టుకోలేదు.

"ఊ," అన్నాడు.

ఈశ్వరి పెట్టె తుడిచి దేవుడి గదిలో పెట్టింది. విదేశీ సీసా కదా, ఎర్నమ్మకు ఏం తక్కువ చేశాను అని గిరిబాబు ఆ పూటంతా తనకు తనే చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే రెండుసార్లు లేచి వెళ్ళి, అట్టగొట్టం బీరువాలో ఉందో లేదో చూసుకున్నాడు.

మంగళవారం, సెలవుకు వచ్చి ఉన్న పృథ్వీరాజ్ కారు తీశాడు. గిరిబాబు ముందు కూర్చున్నాడు. వెనక ఈశ్వరి, ఒళ్ళో కొత్త తువ్వాలు చుట్టిన చెక్కపెట్టె. చీపురుపల్లి దగ్గర పడ్డాక, ఊళ్ళోకి దారి చీలే చోట ఈశ్వరి ఆపమంది.

"ఇక్కడే," అంది.

"ఏమిటిక్కడ?"

"ఆ రోజు అంబులెన్సు ఇక్కడ ఆగిపోనాది. గొర్రెల మంద అడ్డమొచ్చినాది. మీ సెయ్యి పట్టుకుంటే నీళ్ళలోంచి తీసిన రాయిలాగున్నాది. తల్లి గుడి అటేపు కదా, అటు తిరిగి దండమెట్టినాను. ఏటిద్దునని ఆలోచించినాను. నా బంగారమిస్తే మీకేటి పోతాది? మొక్కు మీ కోసం కదా, మీకు పోయేదే ఇవ్వాల. శనివారం నాడు గ్లాసు లైటుకేసి పట్టి సూసుకుంటారే, ఆ మొకం గుర్తొచ్చినాది. అదిస్తానన్నాను. అన్నానో లేదో, గొర్రెలు పక్కకి తప్పుకున్నాయి."

గిరిబాబు రోడ్డు వంక చూశాడు. పక్కన నువ్వుచేను. గట్టు మీద ఎవరో సైకిలు ఆపి బీడీ వెలిగించుకుంటున్నారు. ఆ రోజు ఈ రోడ్డు మీద తను పడుకుని వెళ్ళాడు. ఇవాళ కూర్చుని ఉన్నాడు.

పృథ్వీరాజ్ అద్దంలో చెక్కపెట్టెను చూశాడు, పక్కకు తిరిగి బావను చూశాడు. ఆ పెట్టెలో ఏముందో అతనికి తెలుసు. "ఏసీ తగ్గించీమంటావా బావా?" అన్నాడు, అంతే.

"బండి తిప్పరా," అన్నాడు గిరిబాబు.

"ఎటు?"

"ఇంటికి."

ఈశ్వరి ముందుకు వంగి అతని గుండెల మీద చెయ్యి వేసింది. "ఏటైనాది? నొప్పొస్తందా?"

"గుండె బాగానే ఉంది. సీసాయే తప్పు. అది ఏజెంటు ఇచ్చింది. నాకు ఇష్టమైంది ఇంట్లో ఉంది."

పృథ్వీరాజ్ బండి వెనక్కి తిప్పాడు.

"మరి ఇదేనా అంటే ఊ అన్నారు?"

"అన్నాను."

"తల్లి దగ్గిర కూడా మిల్లు బేరవేనా? ధాన్యంలో తేమున్నాదని తూకంలో తరుగు తీసినట్టు తీసేద్దామనుకున్నారేటి?"

పృథ్వీరాజ్ పగలబడి నవ్వాడు. కారు రోడ్డు అంచుకు వెళ్ళి మళ్ళీ మధ్యకు వచ్చింది. గిరిబాబుకూ నవ్వు ఆగలేదు. ఆపరేషను అయ్యాక అతను నవ్వడం అదే మొదలు. నవ్వితే గుండెకు ఏమీ కాలేదు.

వాళ్ళు ఇంటికెళ్ళి కలీలా తీసుకుని గుడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. డప్పుల వాళ్ళు టీ తాగేసి వేపచెట్టు కింద కూర్చున్నారు. ఈశ్వరికి వరసకు తమ్ముడయ్యే పూజారి లక్ష్ముడు ఎదురొచ్చాడు. "ఏటి బావా, మళ్ళీ ఆసుపత్రికెళ్ళిపోయావేటని బెంగెట్టుకున్నాం." అట్టగొట్టం చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఇదేటప్పా, ట్యూబులైటు డబ్బాలాగున్నాది?"

"అందులోనే ఉన్నాదిరా ఆయన పేణం. జాగ్రత్త," అంది ఈశ్వరి.

లక్ష్ముడు లాగితే బిరడా సగమే వచ్చింది. మిగతా సగం మెడలో విరిగిపోయింది. గిరిబాబు "ఆగాగు" అంటూ ముందుకు వచ్చాడు. లక్ష్ముడు ఆగలేదు. వేపపుల్లతో ముక్కను లోపలికి నెట్టేశాడు. "తల్లి బిరడా ముక్కలు సూడదు బావా."

డప్పులు మొదలయ్యాయి. పసుపునీళ్ళు చల్లిన నేల మీద లక్ష్ముడు సీసా వంచాడు. ధార పడిన చోట మట్టి నల్లబడి, పీల్చుకుని, మళ్ళీ నల్లబడింది. వాసన గిరిబాబు నిలబడ్డ చోటికి వచ్చింది. మొదట పొగ.

పీపాలో ఉన్న సరుకు ఏటా కొంత ఆవిరైపోతుందనీ, దాన్ని అక్కడి వాళ్ళు దేవదూతల వాటా అంటారనీ పృథ్వీరాజ్ ఒకసారి చెప్పాడు. గిరిబాబుకు ఇప్పుడది గుర్తొచ్చింది. వాళ్ళు ముప్పై ఏళ్ళు అడక్కుండా తీసుకున్నారు. ఎర్నమ్మ ఒక్కసారి తీసుకుంటోంది, అదీ ముందు ఇవ్వాల్సింది ఇచ్చేశాక. అతను చొక్కా మీంచి గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. డప్పు ఒక వరసలో పోతోంది, లోపలిది ఇంకో వరసలో. రెండు చేతులూ జోడించాడు.

సగం అమ్మవారికి. మిగతా సగం ప్రసాదం. తువ్వాలు అంచు అడ్డం పెట్టి లక్ష్ముడు ఆకుదొన్నెల్లోకి వంచాడు. ముందు డప్పుల వాళ్ళకు.

"గడ్డిమేటు కాలినాక వాన పడితే వస్తాది సూడు, ఆ వాసన," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు కొండబాబు.

"నాకు టించరు వాసనొస్తాది," అన్నాడు పక్కవాడు.

"ప్రసాదాన్ని అలగ అనకండ్రా," అన్నాడు లక్ష్ముడు. టించరు అన్నవాడే మళ్ళీ దొన్నె చాపాడు.

పృథ్వీరాజ్ కళ్ళు మూసుకుని తాగాడు. తర్వాత కళ్ళు తెరిచి అక్కను చూపించాడు. "పంతులు దొరికినాది బావా."

ప్రసాదం కాబట్టి ఈశ్వరి కూడా తీసుకోవాలి. తీర్థంలా అరచేతిలో పట్టి పుచ్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గింది. తర్వాత నాలుక చప్పరించింది.

"ఓలమ్మ! ఇది మీ అమ్మగారి పొయ్యండి. పెరట్లో ఊక పొయ్యి మీద ధాన్యం ఉడకేసేవారు కాదా? కోకంతా ఇదే వాసన వచ్చేది."

గిరిబాబు పుట్టిన ఇల్లు ఆ పొగలోనే ఉండేది. పొగ ఉన్న సీసాలే తనకు ఎందుకు నచ్చుతాయో అతను ఏనాడూ ఆలోచించలేదు.

దొన్నె అడుగున కొంచెం మిగిలింది. ఆరునెలల వరకు చుక్క కూడా ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఈశ్వరి ఉంగరపు వేలు అందులో ముంచి అతని నాలుక మీద రాసింది. "ఇది సుక్క కాదు, తడి."

పొగ వచ్చింది. తర్వాత ఉప్పు. చివర్న తీపి ఏదో వచ్చి పోయింది.

"ఎలగున్నాది?"

ఆ సీసా తెరిచిన రోజున ఏమనాలో గిరిబాబు ఎన్నో ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాడు. "బాగుంది," అన్నాడు.

బయల్దేరేటప్పుడు లక్ష్ముడు ఖాళీ సీసాను గోరుతో కొట్టి చూశాడు. "గట్టిగున్నాది బావా. దీపం నూనెకి ఉంచీనా?"

మంచి సీసాలు ఖాళీ అయినా గిరిబాబు పారెయ్యడు. పేరున్న కాగితం చిరగకుండా అటక మీద వరసగా పెడతాడు. చెయ్యి చాపబోయి ఆగాడు.

"ఉంచు," అన్నాడు.

ఆరునెలలు అయ్యాక డాక్టరు అన్నీ చూసి, ఎప్పుడైనా ఒకసారి, కొంచెం, అన్నాడు. గిరిబాబు శనివారం దాకా ఆగి, బీరువా దగ్గరికి పోకుండా ముందు ఈశ్వరితో ఎర్నమ్మ దగ్గరికి వెళ్ళాడు. సీసా గూట్లో ఉంది. బిరడా బదులు గుడ్డ కుక్కారు. కాగితమంతా నూనె జిడ్డు. 1984 ఒక్కటే కనిపిస్తోంది. లక్ష్ముడు అందులోంచి ప్రమిదలో పోసి వత్తి ఎగదోశాడు.

గిరిబాబు సీసా అందుకుని వాసన చూశాడు. నువ్వులనూనె. మళ్ళీ చూశాడు.

"ఏటి బావా, నూనెలో తేమున్నాదేటి? తరుగు తీస్తావా?" అన్నాడు లక్ష్ముడు. కారులో మాట ఊరంతా పాకిందన్నమాట. ఈశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గిరిబాబు గుడ్డ మళ్ళీ కుక్కి, సీసాను గూట్లో ఉన్నచోటే పెట్టాడు.

"లేదురా. తూకం సరిపోయింది."